రాజుల వలసయాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఊరి వెలుపల, కాలిబాట ప్రక్కన, పోరంబోకు భూమిలో జిల్లేడు మొలవని గ్రామము తెలుగుదేశమున లేదు. పశువు దానిని ముట్టదు. రైతు దానిని పెరికి గట్టున పారవేయును. రథసప్తమినాటి స్నానమునకును, వినాయకచవితి పత్రికిని మాత్రమే అది జ్ఞప్తికి వచ్చును. అట్టి జిల్లేడాకును త్రిప్పి చూచినచో ఒక్కొక్కప్పుడు నలుపు, తెలుపు, పసుపు చారలుగల గొంగళిపురుగు కనబడును. ఇతర ప్రాణులు రోయు ఆ పాలయాకునే మేసి అది పెరిగి, నారింజవన్నె రెక్కల సీతాకోకచిలుకయై ఎగిరిపోవును. ఆకులోని చేదువిషము దాని యొడలిలో నిలిచియుండుటచే పక్షులు దానిని తినుటకు జంకును.

ఈ జిల్లేటి చిలుకకు సముద్రముల కావల, ఉత్తర అమెరికా ఖండమున, ఒక దాయాది కలదు. దాని పేరు మోనార్కు, అనగా రాజు. అదియు జిల్లేటి కుటుంబమునకు చెందిన పాలమొక్కలనే మేసి పెరుగును. రంగును, చారలును, చేదును ఇంచుమించు ఒక్కటియే. ఆ దాయాది ఏటేట చేయు యాత్రయు, దానిని చూచుటకు మనుష్యులు చేసిన యాత్రయు ఈ ప్రసంగమునకు విషయములు.

పక్షులు ఋతువు ననుసరించి దేశాంతరములకు పోవుట పెద్దలెరిగినదే. వర్షాకాలారంభమున రాజహంసలు మానససరోవరమునకు పయనమగునని కాళిదాసు మేఘసందేశమున చెప్పియున్నాడు. కొల్లేటికిని, పులికాటు సరస్సునకును శీతకాలమున దూరదేశపు పక్షులు వచ్చుట నేటికిని కన్నులారా చూచుచున్నదే. కాని పక్షికి ఎముకల బలము కలదు. ఒక యేడు పోయివచ్చిన దారి మరుసటి యేడు జ్ఞాపకముండును. పెక్కు జాతులలో పెద్దవి పిన్నవానికి త్రోవ చూపును. సీతాకోకచిలుకకు ఈ మూడును లేవు. మోనార్కు బరువు సుమారు అరగ్రాము. కంసాలి త్రాసులో నాలుగు గురివిందగింజల యెత్తు.

దాని జీవితక్రమమును కొంచెము వివరింపవలసియున్నది. వేసవిలో పుట్టిన మోనార్కు రెండు మొదలు ఆరు వారములవరకు మాత్రమే జీవించును. వసంతము మొదలు శరత్తువరకు ఇట్లు మూడు నాలుగు తరములు గడచిపోవును. పగటి ప్రొద్దు తగ్గి, చలిగాలి వీచి, పాలమొక్కలు వాడుచున్న సమయమున పుట్టిన తరము మాత్రము వేరు. అది వెంటనే జతకూడదు, గ్రుడ్లు పెట్టదు. పూదేనె త్రాగి, దానిని క్రొవ్వుగా నిలువచేసికొని, దక్షిణమునకు బయలుదేరును. దాని ఆయువు ఎనిమిది, తొమ్మిది మాసములు. కెనడా దక్షిణభాగమునుండియు, అమెరికా ఉత్తర మండలములనుండియు బయలుదేరి మెక్సికో నడుమనున్న కొండలవరకు 4,000 కిలోమీటర్లదాక పోవును. శీతకాలమంతయు అచ్చట గడపి, మార్చిలో ఉత్తరమునకు మరలి, టెక్సస్ మొదలగు ప్రాంతములలో గ్రుడ్లు పెట్టి మరణించును. మిగిలిన దారిని దాని సంతతి పూర్తిచేయును. కావున మరుసటి శరత్తున దక్షిణమునకు బయలుదేరునది వెనుకటి యేడు వెళ్లినది కాదు. దాని మనుమడో, మునిమనుమడో. ముత్తాత వ్రాలిన కొండకే, ముత్తాతను ఎన్నడును చూడని మునిమనుమడు వచ్చి వ్రాలుచున్నాడు! దానికి సూర్యుడే దిక్సూచి. సూర్యుడు ఆకాశమున కదలుచుండును గదా. ఆ కదలికను సవరించుకొను గడియారము దాని మీసములయందున్నదని 2009లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఇంతయు నేడు చెప్పుట సులభము. డెబ్బది, ఎనుబది యేండ్లకు పూర్వము రాకీ పర్వతములకు తూర్పుననున్న కోట్లకొలది మోనార్కులు శరత్తున ఎచ్చటికి పోవుచున్నవో ఏ పండితునకును తెలియదు. టొరంటో నగరమున 1911లో జన్మించిన ఫ్రెడ్ అర్క్‌హార్ట్ అను నాతడు బాల్యముననే ఈ ప్రశ్న వేసికొనెను. పెద్దవాడై జంతుశాస్త్రజ్ఞుడైన పిమ్మట, 1937 మొదలు, దానికి సమాధానము వెదకనారంభించెను. 1945లో ఆతని నర్ధాంగియైన నోరా ఆ పనిలో సగపాలు తీసికొనెను.

వెదకు విధమేమి? ఎగిరిపోవు పురుగు వెంట పరుగెత్తుట అసాధ్యము. కావున దానికి ఒక చీటీ కట్టి పంపవలెను. దొరికినవారు తిరిగి తెలుపవలెను. మొదట తపాలా బిళ్లవలె వెనుక జిగురుగల చీటీలను అంటించి చూచిరి. వర్షము కురియగనే అవి ఊడి రాలిపోయెను. పిదప అంగళ్లలో గాజు సామానులపై ధరను తెలుపుటకు అంటించు చీటీలవంటివానిని తీసికొని, రెక్క ముందంచున పొలుసులను మెల్లగా తుడిచి, అంచుమీదుగా మడచి అంటించిరి. అవి నిలిచెను. ఒక్కొక్క చీటీపై ఒక్కొక్క సంఖ్య. దానితోపాటు, టొరంటో విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖకు పంపవలసినదని ఒక విన్నపము.

అయితే ఇద్దరు మనుష్యులు ఎన్నింటికి చీటీలు అంటింపగలరు? 1952లో నోరా ఒక పత్రికలో వ్యాసము వ్రాసి సహాయము కోరెను. పండ్రెండుగురు ముందుకు వచ్చిరి. ఖండమంతటిలో పండ్రెండుగురు! ఇంకొకరైనచో నిరాశపడి దస్తరము కట్టివేసెడివారు. ఈ దంపతులు ఆ పండ్రెండుగురికి చీటీలు పంపిరి. 1971 నాటికి సహాయకులు 600 మందియైరి. వారు మహాపండితులు కారు. బడి పంతుళ్లు, విద్యార్థులు, ఇల్లాండ్రు, వృద్ధులు. ఎవరి పెరటిలో వారు పట్టి, చీటీ అంటించి, తేదీయు, స్థలమును వ్రాసికొని విడిచిపెట్టుచుండిరి. ఎచ్చటనో మరియొకరికి చనిపోయి దొరికినది మరల టొరంటోకు చేరుచుండెను. విడిచిన చోటికిని, దొరికిన చోటికిని పటముపై ఒక గీత. అట్లు గీతపై గీత చేరగా అన్నియు ఈశాన్యమునుండి నైరృతికి పోవుచున్నట్లు తేలెను. గీతలన్నియు టెక్సస్ దాటి మెక్సికోవైపు చూపుచుండెను. అటుపై పటము ఖాళీ.

1972లో నోరా మెక్సికో దేశపు పత్రికలకు వ్రాసెను. ఆ దేశమున నివసించుచున్న కెన్ బ్రగ్గర్ అను అమెరికా దేశీయుడు సహాయము చేయుదునని మరుసటి సంవత్సరము జాబు వ్రాసెను. ఆతడు రంగులను గుర్తింపలేని వర్ణాంధుడు! కొండదారులవెంట ఆతడు వెదకుచుండగా మిచోవకాన్ సీమలో పుట్టిపెరిగిన కాటలీనా అగ్వాదో అను యువతి ఆతనికి తోడ్పడెను. 1974లో వారిరువురును వివాహమాడిరి. దారులవెంట చిరిగిన రెక్కల చిలుకలు, పక్షులు పొడిచి విడిచిన చిలుకలు కనబడుట హెచ్చెను. 1975 జనవరి 2వ తేదీన, సెర్రో పెలోన్ అను కొండపై, వారు ఆ చోటు కనుగొనిరి. ఆ పేరునకు అర్థము తెలుగున చెప్పవలెనన్న బోడికొండ. బోడికొండపై చెట్లు సీతాకోకచిలుకలతో కప్పబడియుండెను. అదే నెల 9వ తేదీ సాయంకాలమున టొరంటోకు టెలిఫోను వార్త పోయెను.

అర్క్‌హార్ట్ దంపతులు మరుసటి శీతకాలమున, 1976 జనవరిలో, స్వయముగా చూడబోయిరి. ఆతనికి అప్పటికి 64 ఏండ్లు. కొండ సముద్రమట్టమునకు సుమారు పదివేల అడుగుల యెత్తు. అంత యెత్తున పలుచని గాలి; నాలుగడుగులు వేసినచో గుండె దడదడ కొట్టుకొనును. ఇంతకాలము వెదకిన చోటు కన్నులబడకమునుపే ప్రాణము పోవునేమో యన్న శంక కలుగుట వింతకాదు. మెల్లమెల్లగా ఎక్కిరి. తుదకు చెట్ల నడుమ నిలువగా, మ్రాను మొదలు కొమ్మ చివరవరకు, నేలపైని, గడ్డిపైని, గాలిలోను, ఎచ్చట చూచినను మోనార్కులే.

ఆతడు అలసి కూర్చుండి చూచుచుండగా, చిలుకల బరువునకే ఒక కొమ్మ విరిగి ముందర పడెను. నాలుగు గురివిందల యెత్తుగల పురుగులు ఎన్ని చేరిన కొమ్మ విరుగునో ఊహించుకొనవచ్చును. పడినవానిని పరిశీలించుచుండగా ఒకదాని రెక్కపై తెల్లని చీటీ కనబడెను. పి.ఎస్. 397. లెక్కలు తీసి చూడగా అది 1975 ఆగస్టులో, అమెరికా ఉత్తరభాగముననున్న మిన్నెసోటా రాష్ట్రమున, చాస్కా అను చిన్న పట్టణమువద్ద, ఒక ఉపాధ్యాయుడును ఆతని విద్యార్థులును చీటీ అంటించి విడిచినదని తేలెను. అచ్చటికి ఇచ్చటికి 2,800 కిలోమీటర్లకు పైమాట. కోట్లకొలది చిలుకలలో ఆ ఒక్కటి, అదియు ఆతని కాళ్లముందే రాలుట దైవఘటనయని ఎవరైన అనవచ్చును. కాని చాస్కాలో ఆ విద్యార్థులు నాడు తేదీ వ్రాయక పోయినచో, టొరంటోలో ఆ చిట్టా భద్రపరుపక పోయినచో, అది తెల్లకాగితపు ముక్క మాత్రమే. దైవము తెచ్చి ముందుంచినదానిని గుర్తింపజేసినది దస్తరము.

అయితే లెక్క న్యాయముగా ఉండవలెనన్న మరి రెండు పద్దులు చేర్పవలెను. మొదటిది కాటలీనా పేరు. 1976 ఆగస్టులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రముపై చిలుకల నడుమ కూర్చున్నది ఆమెయే. అయినను కనుగొన్నవారి పేర్లు చెప్పునపుడు చాలకాలము ఆమె పేరు వెనుకబడియుండెను. రెండవది, ఆ కొండల ప్రజలది. టొరంటో పండితులు ఎరుగకమునుపే అచ్చటి పల్లెలవారు ఆ చిలుకలను ఎరుగుదురు. అవి ఏటేట నవంబరు ఆరంభమున వచ్చును. ఆ మాసపు మొదటి రెండు దినములు అచ్చటివారికి మృతులను స్మరించు పర్వదినములు. చనిపోయినవారి ఆత్మలే చిలుకలై ఇండ్లకు వచ్చుచున్నవని వారి నమ్మకము. మహాలయపక్షమున పిండము పెట్టి కాకికై ఎదురుచూచు తెలుగువారికి ఈ నమ్మకమును విడమరచి చెప్పనక్కరలేదు. చిలుకలు వచ్చునని పల్లెకు తెలియును. ఎచ్చటినుండి వచ్చునో తెలియదు. పోవునని టొరంటోకు తెలియును. ఎచ్చటికి పోవునో తెలియదు. ఒక్క విషయము రెండు ముక్కలై రెండు దేశములలో ఉండెను.

నేడు ఎల్ రోసారియో మున్నగు చోట్లకు నవంబరు మొదలు మార్చివరకు యాత్రికులు పోవుచున్నారు. ఊరివారే దారి చూపుదురు. కొందరు నడచియు, కొందరు గుఱ్ఱములపైనను కొండ నెక్కుదురు. చెట్లను సమీపించిన పిమ్మట పెద్దగా మాటలాడరాదు. కట్టిన త్రాడు దాటరాదు. ఉదయపు చలిలో చూచినవారికి మొదట ఏమియు కనబడదు. సూదియాకుల చెట్లకు ఎండుటాకుల గుత్తులు వ్రేలాడుచున్నట్లుండును. ఇంతలో మబ్బు తొలగి ఎండ తగులును. ఎండుటాకులన్నియు ఒక్కసారి విచ్చుకొని నారింజవన్నె తాల్చును. కొన్ని లేచి సెలయేటి తడికై దిగును. వేలకొలది రెక్కల సవ్వడి సన్నని తుంపర ఆకులపై పడినట్లు వినబడును. అంతదూరము వచ్చినవారు ఎవరును హెచ్చరింపకయే మాట మానుదురు.

ఆ సూదియాకుల చెట్టు పేరు ఒయామెల్. దానికిని రాజునకును గల సంబంధము ఇంటికప్పునకును పసిబిడ్డకును గల సంబంధము వంటిది. దట్టమైన కొమ్మలు పైన గొడుగై వానను ఆపును. క్రింద దుప్పటియై వెచ్చదనమును నిలుపును. తడిసిన చిలుక పొడిగానున్న చిలుకకంటె త్వరగా గడ్డకట్టి చచ్చును. 2002 జనవరిలో వానయు, వెంటనే గడ్డకట్టు చలియు రాగా కోట్లకొలది చిలుకలు చెట్లక్రింద కుప్పలుగా రాలెను. చెట్లు నరికిన మేర కప్పునకు చిల్లి పడినట్లే.

వీనిని తలలు లెక్కించుట సాధ్యము కాదు. కావున ప్రతి శీతకాలమున అవి వ్రాలిన అడవిని కొలుతురు. పైరు అజమాయిషీ చేసి అడంగలు వ్రాసినట్లే ఇదియు. 1996-97లో 18.19 హెక్టార్లు, అనగా సుమారు 45 ఎకరములు. 2013-14లో 0.67 హెక్టారు, ఒక ఎకరము 65 సెంట్లు. 2023-24లో 0.90, రెండెకరముల 22 సెంట్లు. 2024-25లో 1.79, నాలుగెకరముల 42 సెంట్లు. ఒక ఖండపు తూర్పుభాగమునుండి వచ్చిన రాజులందరును, ఒక సన్నకారు రైతు చేనిలో ఇముడు స్థితికి వచ్చిరన్నమాట. అడవుల నరకుట ఒక కారణము. అమెరికా దేశపు మొక్కజొన్న, సోయా చేలలో కలుపుమందులు విరివిగా చల్లుటచే పాలమొక్కలు నశించుట మరియొక పెద్ద కారణము. చేనిగట్టున పనికిరానిదని పెరికిన మొక్కకు ఎంతటి పని యుండెనో అది పోయినపిదప తెలిసినది.

మెక్సికో ప్రభుత్వము 1986లో ఈ అడవులను రక్షితప్రాంతముగా ప్రకటించి, 2000లో దానిని విస్తరించెను. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. మంచిదే. కాని ఆ అడవులలో అధికభాగము పల్లెల ఉమ్మడి సొత్తు. ఇంటి దూలమునకును, పొయ్యిలోని కట్టెకును, బిడ్డ పెండ్లికిని ఆ చెట్లే ఆధారమైనవారికి, రేపటినుండి గొడ్డలి ముట్టరాదన్న ఆజ్ఞ ఎట్లుండునో ఏ రైతైనను ఊహింపగలడు. రాజునకు ఆశ్రయమిచ్చిన పేదవానికి అన్నమెవరు పెట్టవలెను? 2000 తరువాత, చెట్టు నరకక కాపాడినవారికి సొమ్ము ఇచ్చు నిధి ఒకటి ఏర్పడెను. యాత్రికులవలన కొందరికి జీవనము కలిగెను. ఎల్ రోసారియోలో ఓమెరో గోమెజ్ అను నాతడు మొదట చెట్లు నరకు వృత్తిలోనివాడే. నరికిన అడవికంటె నిలిచిన అడవియే ఊరికి అన్నము పెట్టునని గ్రహించి, దానికి కావలి నిలిచి, తనవారికి నచ్చజెప్పుచుండెను. 2020 జనవరిలో ఆతడు అదృశ్యుడయ్యెను. కొన్ని దినములకు నీళ్లున్న గోతిలో ఆతని శవము దొరికెను. చిలుకలను చూచి మురియు మాట సులభము. వాని చెట్టుక్రింద కాపురముండి దానిని కాపాడుట సులభము కాదు.

దూరదేశపు కథ యని దీనిని వినిపోవలసినది కాదు. దక్షిణభారతమునను రాజుల దాయాదులు వలసపోవుచున్నవి. నల్లని రెక్కలపై లేతనీలి చారలుగలవియు, గోధుమనలుపు రెక్కల అంచున తెల్లని చుక్కలుగలవియు, నైరృతి ఋతుపవనపు భారీవర్షములకు ముందు పడమటి కనుమలను విడిచి తూర్పు మైదానములవైపు ఎగిరివచ్చును. సెప్టెంబరు మొదలు నవంబరువరకు మరల పడమటికి పోవును. దారిలో జనుముజాతి మొక్కలపై మగచిలుకలు గుంపులుగా వ్రాలి రసము పీల్చుచుండును. కాని ఏ చిలుక ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నదో తెలుపు గీతలు ఈ దేశపు పటముపై ఇంకను చాలవరకు గీయబడలేదు.

కాబట్టి ఈ గ్రంథాలయపు పాఠకులు చేయదగిన పని యొకటి కలదు. పుస్తకముల బీరువా ప్రక్కన ఒక నూరు పుటల నోటుపుస్తకము నుంచవలెను. చిలుకల గుంపు కనబడిననాడు తేదీ, వేళ, గాలి వాలు, అవి పోవు దిక్కు, చూచిన స్థలము, చూచినవారి పేరు వ్రాయవలెను. రెక్కల రంగు రెండు మాటలలో చెప్పినను చాలును. చదువురాని గొఱ్ఱెలకాపరి చూచివచ్చి చెప్పినచో, చదువుకొన్న పిల్లవాడు ఆతని పేరుతోనే వ్రాయవలెను. ఊరిగట్లపై నాలుగు జిల్లేడు మొక్కలను పెరుకక విడిచిపెట్టవలెను. ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొనిపోయి ఆకు త్రిప్పి చూపవలెను. ఇందుకు రూకయైన ఖర్చు లేదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున ఏ పుస్తకము ఎవరు తీసికొనిరో, ఎన్నడు తిరిగి ఇచ్చిరో చిట్టాలో వ్రాయుచునే యున్నారు. తీసికొన్నది తిరిగి రావలెనన్న ఆశతోడనే గదా పద్దు వ్రాయుట! చాస్కాలో ఆ పిల్లలు విడిచిన చిలుకయు ఆ విధముగనే పద్దునకు చేరినది. 1952లో ముందుకు వచ్చినవారు పండ్రెండుగురే. ఈ సభలో అంతకంటె ఎక్కువమందియే కూర్చున్నారు.

గ్రంథాలయము శతవార్షికోత్సవము జరుపుకొనునాటికి ఆ నోటుపుస్తకము బీరువాలో ఉండుగాక! దానిలోని రాజులు ఊరిగట్లపై ఎగురుచుండుగాక!

శుభమ్.